తేనెపట్టు గళ్లు గీస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి జాగ్రఫీ డిగ్రీ చివరి ఏడాది. పొద్దస్తమానం క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పటం మీద తేనెపట్టులాంటి గళ్లు పరుస్తూ కూర్చుంటుంది. అది మాన్పించి ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పించాలనుకుంటున్నాం. రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి

జవాబు: అమ్మాయి ఏం చేస్తోందో రాశారు గానీ ఎందుకు చేస్తోందో రాయలేదు. ఒక్కసారైనా అడిగారా? అడక్కుండానే మాన్పించాలనుకోవడం తప్పండీ. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. తోటివాళ్లంతా బండెక్కేస్తుంటే మా బిడ్డ ఒక్కతే మిగిలిపోతుందేమోనన్నది దీని వెనకున్న దిగులు. ఆమె మిగిలిపోదు. ఎందుకో చెబుతాను.

రోడ్డు ప్రమాదాలు జరిగిన వేల చోట్లను పటం మీద చుక్కలుగా పెడితే అన్నీ ఒకదానిపై ఒకటి పడి ఏమీ తెలియదు. సమానమైన గళ్లు పరిచి ఏ గడిలో ఎన్ని చుక్కలున్నాయో లెక్కిస్తే, ఎక్కడ ఒత్తుగా ఉన్నాయో కనిపిస్తుంది. చదరపు గడికి పక్కగళ్లు దగ్గరగా, మూలగళ్లు దూరంగా ఉంటాయి. షడ్భుజికి ఆరు పొరుగుగళ్లూ ఒకే దూరం. ఆ సాఫ్ట్‌వేర్‌లోని ‘క్రియేట్ గ్రిడ్’తో గళ్లు వేయడం, ‘కౌంట్ పాయింట్స్ ఇన్ పాలిగాన్’తో లెక్క తీయడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. అసలు నేర్పు వేరే ఉంది. పటం అక్షాంశ రేఖాంశాల్లో ఉన్నప్పుడు గడి సైజు 1,000 అని కొడితే అది మీటర్లు కాదు, డిగ్రీలు. ముందు పటాన్ని మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్‌లోకి (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) మార్చుకోవాలి. ఎదురెదురు భుజాల మధ్య 1,000 మీటర్లు ఉంటే గడి వైశాల్యం 1 కాదు, 0.866 చదరపు కిలోమీటర్లు. ఇక గడి సైజు పెంచినా, గళ్లను కాస్త పక్కకు జరిపినా అదే డేటా మరో కథ చెబుతుంది. అంకెను నమ్మే ముందు ఇవన్నీ అనుమానించే అలవాటు చిన్న ఆస్తి కాదు.

డేటా సైన్స్ చెడ్డదని నేననను. నా సందేహమంతా ఆ ఆరు నెలల వాగ్దానం మీదే. అలాంటి కోర్సులు ముగించుకుని నా దగ్గరికొచ్చిన పిల్లలు చాలామందే ఉన్నారు. శుభ్రం చేసి చేతికిచ్చిన డేటా మీద మోడల్ నడుపుతారు. ఈ అంకె ఎలా వచ్చిందమ్మా అంటే తల దించుకుంటారు. అందరి రెజ్యూమేల్లోనూ అవే ప్రాజెక్టులు. తప్పు వాళ్లది కాదు, వాళ్లను తొందరపెట్టిన పెద్దలది. మీరూ ఇప్పుడు ఆ తొందరలోనే ఉన్నారు.

పోలిక అడిగారు కాబట్టి: ఉద్యోగ ప్రకటనలు డేటా సైన్స్‌కే ఎక్కువ, అది దాచను. జీఐఎస్‌లో, అంటే కంప్యూటర్‌పై పటాలతో చేసే ఈ పనిలో, మొదటి ఉద్యోగం గీతలు గీసే పనిగానే దొరకొచ్చు. కానీ ఇవి రెండు వేరు దారులని ఎవరన్నారు? భూమినంతా గళ్లుగా విడగొట్టే హెచ్3 పద్ధతిని తయారుచేసి 2018లో ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది ఊబర్. అందులోనూ దాదాపు అన్నీ షడ్భుజులే. మీ అమ్మాయి మౌస్‌తో చేస్తున్న పనినే క్యూజీఐఎస్‌లో పైథాన్ ప్రోగ్రామింగ్‌తోనూ చేయొచ్చు. డిగ్రీ పూర్తయ్యేలోపు అది మొదలుపెట్టి, ఆ తర్వాత డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే ఎస్‌క్యూఎల్, అందులో పటాల డేటాను దాచి వాడే పోస్ట్‌జీఐఎస్ పట్టుకుంటే చాలు.

ఈ సాయంత్రం ఆమె పక్కన కూర్చోండి. గడి ఈ సైజే ఎందుకు పెట్టావమ్మా అని అడగండి. చెప్పలేకపోతే, అదే డేటాకు మూడు సైజుల్లో గళ్లు వేసి తేడా ఒక పేజీలో రాయమనండి. ఆ పేజీ నాకు పంపండి. కోర్సు సంగతి అది చూశాక మాట్లాడుకుందాం.