పుస్తెలు బ్యాంకులో, పులస గోదావర్లో

ప్రశ్న: మేనేజరు గారికి నమస్కారం. మాది పాలకొల్లు. మావారు లెక్కల మాస్టారు. కటింగులన్నీ పోను 62 వేలు చేతికొస్తుంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, నెలకి ఆరేడు వేలు వస్తాయి. ఎకరం పొలం కౌలుకిచ్చాం. సార్వా (వానాకాలం) పంటకి 24 వేలు, దాళ్వా (ఎండాకాలం) పంటకి 24 వేలు ఇస్తారు. ఇంటి లోన్ ఇంకా 22 లక్షలుంది. వడ్డీ 8.5 శాతం, 15 ఏళ్లు మిగిలింది, ఈఎంఐ 21,664 రూపాయలు.

ఇది కాక మావారు జీతంలోంచి నెలకి 11 వేలు, కౌలు డబ్బు మొత్తం 48 వేలూ లోన్‌కే కట్టేస్తున్నారు. ఆరున్నరేళ్లలో అప్పు తీర్చేసి హాయిగా నిద్రపోతానంటారు. మంచిదే. కానీ ఇంట్లో ఏది అడిగినా 'లోన్ అయ్యాక' అన్నదే జవాబు. అమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. పాపికొండలు చూపించమని మూడేళ్లుగా అడుగుతున్నారు. చించినాడ వంతెన దాటితే దిండి, అక్కడైనా పడవ ఎక్కించలేదు. కిందటి వరదలప్పుడు మా తమ్ముడు ఫోన్ చేసి, అందరం తలో కాస్త వేసుకుని పులస కొందామన్నాడు. 'పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ, మీ అక్క పుస్తెలు ఎప్పుడో బ్యాంకులో ఉన్నాయిరా' అన్నారు మావారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన చెడ్డవారు కాదండి. మా మామగారు కొబ్బరితోట మీద అప్పు చేశాక 1996 నవంబరు తుఫాను వచ్చి చెట్లన్నీ పడిపోయాయి. మావారు అప్పుడు ఎనిమిదో తరగతి. ఆ అప్పు తీరడానికి తొమ్మిదేళ్లు పట్టిందట. అందుకే అప్పంటే ఆయనకి టెన్షన్. నేను వాదించలేను, లెక్కలు ఆయనకే బాగా వచ్చు. ఆయన చేసేది తప్పంటారా?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మాస్టారి లెక్క తప్పు కాదు. కాకపోతే లెక్క చేసి ఆఖరి జవాబు ఒక్కటే చూసుకున్నట్టున్నారు. మధ్యలో మెట్లు చూడలేదు. అవి నేను చూపిస్తాను. ఈ పేజీ ఆయన ముందు పెట్టండి, మీరు వాదించక్కర్లేదు.

అదనంగా ఒక్క రూపాయి కట్టకపోతే ఈ 15 ఏళ్లలో మీరు కట్టేది దాదాపు 39 లక్షలు. అంటే వడ్డీ 17 లక్షలు. వడ్డీ రేటు ఇలాగే ఉంటుందనుకుని చెబుతున్నాను. నెలకి 5 వేలు అదనంగా కడితే అప్పు 10 ఏళ్ల 5 నెలల్లో తీరుతుంది, వడ్డీలో 5.8 లక్షలు మిగులుతుంది. 10 వేలు కడితే ఎనిమిదేళ్లు, మిగిలేది 8.6 లక్షలు. మాస్టారు ఇప్పుడు జీతం, కౌలు కలిపి సగటున 15 వేలు కడుతున్నారు. అలా అయితే ఆరున్నరేళ్లు, మిగిలేది 10 లక్షల పైచిలుకు.

ఇప్పుడు ఒక్కో అయిదు వేలని విడివిడిగా చూడండి. మొదటి అయిదు వేలు నాలుగేళ్ల ఏడు నెలలు తగ్గించింది. రెండోది రెండేళ్ల అయిదు నెలలు. మూడోది ఏడాదిన్నర మాత్రమే. వడ్డీలోనూ అంతే: మొదటిది 5.8 లక్షలు మిగిల్చింది, రెండోది 2.8 లక్షలు, మూడోది 1.65 లక్షలు. కోతకి దిగిన మొదటి మనిషికి చేను నిండా పంటే కదా. ఆఖర్న వచ్చినవాడికి గట్టు పక్కన నాలుగు దుబ్బులు దొరుకుతాయి. నోటు మాత్రం మూడుసార్లూ ఒకటే. మొదటి అయిదు వేలు మీ ఇంట్లో పెద్దగా తెలియకపోవచ్చు. మూడో అయిదు వేలే దిండి పడవ, పులస ముక్క, పిల్లల పాపికొండలు.

మాస్టారి తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ మూడో అయిదు వేలూ దండగ కాదు. 8.5 శాతం వడ్డీ తప్పించుకోవడమంటే పైసా రిస్కు లేకుండా 8.5 శాతం సంపాదించినట్టే. ఎఫ్‌డీలో అంత రావడం కష్టం, వచ్చినదాని మీద మళ్లీ పన్ను. పన్ను మినహాయింపు కోసం లోన్ ఉంచుకోమనేవాళ్ల మాట వినకండి. పాత పద్ధతిలో రిటర్ను వేస్తే వడ్డీ మీద 2 లక్షల దాకా మినహాయింపు ఉంది గానీ, కొత్త పద్ధతిలో మనం ఉంటున్న ఇంటికి అదీ లేదు. వడ్డీ ఒక్కటే చూస్తే మాస్టారే గెలుస్తారు.

కానీ వడ్డీ ఒక్కటే చూసి నేనూ ఒకసారి గెలిచాను. ఆ ముచ్చట చెప్పుకోవాలి.

బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశాను. రోజంతా పక్కవాళ్ల అప్పులు చూసేవాడికి సొంత అప్పు మీద కసి ఉంటుంది. బోనస్సు, ఎల్‌ఐసీ మెచ్యూరిటీ, ఎఫ్‌డీలు అన్నీ ఊడ్చి 2009లో నా ఇంటి లోన్ కట్టేశాను. ఆ రోజు బ్రాంచిలో అందరికీ పూతరేకులు పంచాను, ఆత్రేయపురం నుంచి తెప్పించి మరీ. ఎనిమిది నెలలు తిరక్కుండానే మా ఆవిడకి పిత్తాశయం ఆపరేషను, అమ్మాయికి ఇంజనీరింగ్ ఫీజు, రెండూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి. చేతిలో ఇల్లుంది, రూపాయి లేదు. ఇంట్లోంచి రెండు ఇటుకలు పీకి ఫీజు కట్టలేం కదా. నేను కూర్చునే బ్రాంచిలోనే, నా కింద పనిచేసే కుర్రాడి దగ్గరే, మా ఆవిడ గాజులు పెట్టి గోల్డ్ లోన్ తీసుకున్నాను. తూకం వేసేటప్పుడు ఆ కుర్రాడు నా మొహం చూడలేదు. మాస్టారి పుస్తెల జోకు చదవగానే నాకు ఆ తక్కెడే గుర్తొచ్చింది.

అందుకే మీ ఉత్తరంలో నన్ను ఆపిన సంగతి పులస కాదు. నెలకి 15 వేలు అదనంగా కడుతున్న ఇంట్లో, ఆపదకి దాచిన డబ్బు గురించి ఒక్క ముక్క లేదు. ఉంటే రాసేవారే.

1996 సంగతి తీసిపారేయకండి. ఆ తుఫాను తర్వాత కోనసీమ తోటలు నేను కళ్లారా చూశాను. తల విరిగిన కొబ్బరి చెట్టు మళ్లీ కాయదు, కొత్త మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది. మీ మామగారి కష్టం అదే: అప్పు నిలబడింది, దాన్ని తీర్చాల్సిన చెట్టు పడిపోయింది. మాస్టారి ఈఎంఐ గాలివానకి పడిపోయే జీతం మీద లేదు, పైగా జీతంలో మూడో వంతే. అయినా భయం లెక్కలు వినదు. ఆయనకి ఇది చెప్పి చూడండి: ఆ రోజు మామగారి దగ్గర ఏడాది తిండికి, వడ్డీకి సరిపడా డబ్బు పక్కన ఉండుంటే ఆ తొమ్మిదేళ్లు అలా గడిచేవి కావు. తుఫానుకి అడ్డం నిలబడేది చేతిలో ఉన్న డబ్బు. త్వరగా కట్టేసిన డబ్బు బ్యాంకు తిరిగివ్వదు.

ఇంకోటి. మీ అమ్మాయి కూడా ఇప్పుడు ఎనిమిదో తరగతేనన్నారు. ఆ వయసులో ఇంట్లో విన్న మాటలు మాస్టారికి ఇప్పటికీ గుర్తున్నాయి చూడండి.

ఇక నేను చెప్పే పద్ధతి. సార్వా డబ్బు ఇంటిది, దాళ్వా డబ్బు బ్యాంకుది. సార్వా కౌలు సంక్రాంతి ముందూ వెనకా చేతికొస్తుంది. ఆ 24 వేలు మీవి. వరద తగ్గి పాపికొండల లాంచీలు తిరిగే కాలమూ అదే, పిల్లలకి సెలవులూ అప్పుడే. లైఫ్ జాకెట్ వేసుకోకుండా మాత్రం ఎక్కకండి. పైగా పాపికొండలు 'లోన్ అయ్యాక' అనుకునేవి కావు. పోలవరంలో నీళ్లు పూర్తిగా నిలిపితే ఆ ఒడ్డున ఊళ్లు ఇప్పుడున్నట్టు ఉండవు. ఆరున్నరేళ్ల తర్వాత మీ అమ్మాయికి ఇరవై దగ్గర పడతాయి. రమ్మంటే పరీక్షలున్నాయంటుంది.

దాళ్వా 24 వేలు ఒకేసారి లోన్‌కి కట్టండి. జీతంలోంచి నెలకి 3 వేలు కట్టండి. రెండూ కలిపితే నెలకి 5 వేల లెక్క వస్తుంది, అంటే పైన చెప్పిన మొదటి అయిదు వేలు. జీతంలో మిగిలిన 8 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మూడేళ్లకి మూడు లక్షలవుతుంది. దాన్ని పులసకీ ముట్టుకోవద్దు, లోన్‌కీ ముట్టుకోవద్దు. మూడు లక్షలు నిండాక ఆ 8 వేలు మళ్లీ లోన్‌కి మళ్లించుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పటికి ఆయనకీ కాస్త నిద్ర పడుతుంది. కాలువ నీళ్లన్నీ పైచేలే తాగేస్తే శివారు చేలు బీటలు వారతాయని పొలం ఉన్న మనిషికి నేను చెప్పాలా? వంతులు పెట్టుకోవడమే.

కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. అదనంగా కట్టిన ప్రతిసారీ 'ఈఎంఐ తగ్గించొద్దు, గడువు తగ్గించండి' అని కాగితం మీద రాసివ్వండి. ఈఎంఐ తగ్గిస్తే ఇంత ఆదా రాదు. ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతుండే) ఇంటి లోన్‌ని ముందుగా కట్టినందుకు మీలాంటివారి దగ్గర పెనాల్టీ వసూలు చేయకూడదు, అది రిజర్వ్ బ్యాంకు నిబంధన.

అసలు మీ వడ్డీ ఇంకా 8.5 ఎందుకుంది? రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.5 శాతానికి దించింది. రెపోకి ముడిపెట్టిన లోన్ అయితే ఆ తగ్గుదల మూడు నెలల్లో మీ ఖాతాకి రావాలి. బ్యాంకు తన ఖర్చుని బట్టి రేటు పెట్టుకునే పాత ఎంసీఎల్‌ఆర్ పద్ధతిలో ఉండిపోతే నెమ్మదిగా వస్తుంది. మాస్టారిని ఒక రోజు సెలవు పెట్టించి బ్రాంచికి పంపండి. 'నా లోన్ దేనికి ముడిపడి ఉంది, మారిస్తే ఎంత ఫీజు, ఎంత తగ్గుతుంది' అని అడగమనండి. అర శాతం తగ్గినా 22 లక్షల మీద ఏడాదికి 11 వేలు. పిల్లల ముచ్చట ఒక్కటీ చంపకుండా వచ్చే డబ్బది. అంతా పులసకి పెట్టమనను, పులస ధర నాకూ తెలుసు. తమ్ముడితో కలిసి తలో కాస్త వేసుకోండి.

ప్రశ్న: ఇంటి లోన్ పూర్తిగా కట్టేసి రెండు నెలలైంది. దస్తావేజులు అడిగితే రేపు, మాపు అంటున్నారు. ఏం చేయాలి?
- రావులపాలెం నుంచి ఒకరు

జవాబు: మొత్తం కట్టేసిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగివ్వాలి, తాకట్టు కూడా తీసేయించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇదే నిబంధన. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేల రూపాయలు మీకు చెల్లించాలి. ఈ మాట నోటితో చెప్పకండి, రాసిచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. దస్తావేజులు వస్తాయి. వచ్చాక కవరు విప్పి, లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన జాబితాతో ప్రతి కాగితం సరిచూసుకోండి. లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల పాత దస్తావేజులు) ఒకటో రెండో తప్పిపోతుంటాయి. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపించే పత్రం, తీయించండి. అందులో బ్యాంకు తాకట్టు రద్దయినట్టు కనపడకపోతే మళ్లీ అదే బ్రాంచికి వెళ్లాలి. ఈసారి ఈసీ కాపీ జేబులో పెట్టుకుని వెళ్లండి.