డిగ్రీ ఏదని అడిగితే పరువు నష్టమా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో బాగా పేరున్న ఒక 'బిహేవియర్ ఎక్స్‌పర్ట్' దగ్గర 60 వేలు కట్టి కోర్సులో చేరాను. పేరు ముందు డాక్టర్, కింద సైకాలజిస్ట్ అని వేసుకుంటారు. ఎక్కడ చదివారని వాట్సాప్ గ్రూపులో అడిగితే నన్ను తీసేసి, పరువు నష్టం నోటీసు పంపారు. ఏం చేయాలి?

జవాబు: ముందు టెన్షన్ పడకండి. ఎక్కడ చదివారండీ అని అడగడం పరువు నష్టం కాదు. కానీ అదే గ్రూపులో 'దొంగ డాక్టర్' అని కూడా రాసి ఉంటే కథ వేరు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో నిజం చెప్పినవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, అది నిజమేననీ జనం మేలు కోరే చెప్పాననీ చూపించుకోవాల్సింది మీరే.

లైఫ్ కోచ్, మోటివేషనల్ స్పీకర్ అనడానికి మన దగ్గర లైసెన్సు అక్కర్లేదు, రేపు నేనూ బోర్డు పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీసు చేయాలంటే మాత్రం 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరుండాలి, లేకపోతే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! ఆయనకది ఒక్క క్లాసు టీ ఖర్చు. ఈ రూలు ఆయనకు వర్తిస్తుందా అన్నది తేలాలంటే, 'క్లినికల్' అన్న మాట వాడారా లేదా అన్నది ముఖ్యం, ఆ పేజీలు మార్చేయకముందే స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. డాక్టర్ అన్నదీ తొందరపడి కొట్టేయకండి, కామర్స్‌లో పీహెచ్‌డీ చేసినా డాక్టరే, కాకపోతే అది మనసుకు వైద్యం చేసే చదువు కాదు.

మీ డబ్బు సంగతికొస్తే, లేని అర్హత ఉందని చెప్పి కోర్సు అమ్మడం 2019 వినియోగదారుల చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించవచ్చు. రెండేళ్లలోపు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మీ మొత్తానికి ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు (మా పొట్ట కొట్టే మాటే, అయినా నిజం). ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టి చూడండి. మోసం కేసు, అంటే న్యాయ సంహిత 318 సెక్షన్, అంత సులువు కాదు, డబ్బు తీసుకునేనాటికే ఆయనకు మోసం చేసే ఉద్దేశం ఉందని తేలాలి.

నోటీసుకు జవాబు మాత్రం ఇవ్వండి, రెండు లైన్లు చాలు: మీ పీహెచ్‌డీ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే కాపీ పంపండి అని. స్పీడ్ పోస్టులో పంపండి, గ్రూపులో మాత్రం పెట్టకండి.