అప్పజెప్పడం వేరు, చదవడం వేరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మూడో తరగతి పిల్లల గురించే. నాకేం వింతగా లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో సగం ఏళ్ళు నేను మూడో తరగతికే చెప్పాను. దసరా సెలవులు అయ్యాయంటే చాలు, తల్లులు వచ్చి నిలబడేది ఆ గది గుమ్మం దగ్గరే.

*

ప్రశ్న: మేడమ్ గారూ, మా పాప రెండో తరగతి దాకా క్లాసు ఫస్టు. ప్రైవేటు స్కూలు, ఇంగ్లీషు మీడియం. మూడులోకి వచ్చాక లెక్కల్లోనూ ఈవీయస్‌లోనూ మార్కులు బాగా పడిపోయాయి. పాఠాలైతే గడగడా అప్పజెబుతుంది. "ధ్యాస ఉండడం లేదు, ఇలాగే ఉంటే మళ్ళీ మూడులోనే కూర్చోబెడతాం" అంటున్నారు. ట్యూషన్ పెట్టించనా? (ఒక తల్లి, తణుకు)

జవాబు: అమ్మా, అసలు సంగతి మీ ఉత్తరంలో మీరే రాశారు. "గడగడా అప్పజెబుతుంది" అన్నారు చూడండి, చిక్కు అక్కడే ఉంది.

నా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు. పాఠం చదవమంటే లేచి నిలబడి, పుస్తకం రెండు చేతులా పట్టుకుని, కామా దగ్గర ఆగి, ఫుల్‌స్టాప్ దగ్గర గొంతు దించి మరీ చదివేవాడు. తనిఖీకి వచ్చిన మండల విద్యాధికారి (ఎంఈవో) గారు వాడి వీపు తట్టి వెళ్ళారు. నేను కాలరెగరేశాను. ఓ రోజు వరసల మధ్య తిరుగుతూ వాడి వెనక ఆగి చూస్తే, తెరిచి ఉన్నది నాలుగో పాఠం, వాడి నోట్లోంచి వస్తున్నది రెండో పాఠం. ఒక్క ముక్క తప్పు లేదు. రెండేళ్ళుగా వాడు చెవులతో చదువుతున్నాడు. పట్టుకోలేకపోయింది నేను.

ఒకటి, రెండు తరగతుల్లో ఇది బయటపడదు. పాఠం నాలుగు వాక్యాలు, పక్కన ఇంత బొమ్మ. ఇంట్లో రెండుసార్లు, బడిలో నాలుగుసార్లు వింటే వచ్చేస్తుంది. మూడులో ఈవీయస్, అంటే పరిసరాల విజ్ఞానం అని కొత్త పుస్తకం చేతికొస్తుంది. పేజీ నిండా అక్షరాలు. ప్రశ్నేమో పాఠంలో ఉన్న వాక్యాన్ని అడగదు. "మీ ఇంటికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?" అంటుంది. అప్పజెప్పే పిల్లకి ఆ జవాబు ఎక్కడ వెతకాలో తెలియదు.

కాబట్టి ట్యూషన్ సంగతి తర్వాత. ఇవాళ రాత్రి అన్నాలయ్యాక పాపని పక్కన కూర్చోబెట్టుకోండి. తను ఎన్నడూ చూడని కాగితం ఏదైనా తీయండి. పెళ్ళి శుభలేఖ కావచ్చు, పిల్లల పత్రికలో అరపేజీ కథ కావచ్చు. బొమ్మ ఉంటే చెయ్యి అడ్డం పెట్టండి. చదివించి, మూసేసి, "ఏమైంది?" అనడగండి. చెప్పాక "ఎందుకలా చేశాడు?" అనడగండి. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. పది నిమిషాల పని.

ప్రతి మాటా కూడబలుక్కుంటోందంటే చదవడమే ఇంకా రాలేదన్నమాట. సిగ్గుపడకుండా మళ్ళీ గుణింతాల దగ్గరికి, ఒత్తుల దగ్గరికి వెళ్ళాలి. రోజూ పది నిమిషాలు చేయిస్తే సంక్రాంతికి తేడా కనపడుతుంది, నేను చూశాను. చక్కగా చదివి, ఏమైందంటే తెల్లమొహం వేసిందంటే చదువుతూ ఆలోచించడం అలవాటు కాలేదు. అలాంటి పిల్లకి రోజూ ఓ కథ మీరే చదివి వినిపించి, మధ్యలో ఆపి "ఇప్పుడేమవుతుందంటావ్?" అని అడగాలి. తెలుగులో బాగా చెప్పి ఇంగ్లీషులో నోరు పెగలకపోతే మాత్రం పిల్ల తెలివికేం లోటు లేదు, భాషే అడ్డొస్తోంది. ఈవీయస్ పాఠం ముందు తెలుగులో మాట్లాడుకుని తర్వాత పుస్తకం తెరవండి. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే ఆ మాట ఆ గుమ్మం దగ్గరే వదిలేసి రండి.

లెక్కల్లోనూ ఇదే గొడవ. ఈ లెక్క ఇచ్చి చూడండి: సీత దగ్గర 15 పెన్సిళ్ళున్నాయి. అవి రాణి దగ్గరున్న వాటికంటే 6 ఎక్కువ. రాణి దగ్గర ఎన్ని? చాలామంది ఠక్కున 21 అంటారు. "ఎక్కువ" అన్న మాట కనపడితే కూడెయ్యమని ఎవరో నేర్పి ఉంటారు. తప్పని చెప్పకండి. చింతగింజలు పోసి, సీత కుప్ప, రాణి కుప్ప పెట్టమనండి. రాణి కుప్ప పెద్దదయ్యేసరికి పిల్ల తనే నాలిక కరుచుకుంటుంది.

ఇక "మళ్ళీ మూడులోనే" అన్న బెదిరింపు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదు. 2019లో చట్టం సవరించి, ప్రభుత్వాలు కావాలనుకుంటే 5, 8 తరగతుల్లో మాత్రం ఆపుకోవచ్చన్నారు. అందులో మూడు లేదు. ప్రైవేటు బడైనా అంతే. ఈ మాట వాళ్ళతో తగవు పెట్టుకోడానికి చెప్పడం లేదు, మీరు రాత్రి నిద్రపోడానికి చెబుతున్నాను.

ఇంకొకటి. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని రాసుకున్నారు. అదీ ముందు చూడని పాఠమే అయి ఉండాలన్నారు. ఆ మాట నాకు నచ్చింది. కానీ స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోకండి. "చదువుకుంటున్నప్పుడు" అన్నది మనకి ఒక్క పదం. ఇంగ్లీషులో దానికి నాలుగైదు మాటలు పడతాయి. తెలుగు పిల్లని ఆ అంకెతో తూచకూడదు. తడుముకోకుండా, మనతో మాట్లాడే వేగంతో చదివితే చాలు.

*

ప్రశ్న: మా బాబు స్కూల్లో మూడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. దానికి ఫీజు వేరే. ఇరవయ్యో ఎక్కం దాకా రావాలంటున్నారు. మావాడికి ఏడో ఎక్కమే సరిగ్గా రాదు. నా దోస్తుల పిల్లలంతా చేరిండ్రు. మావాడు వెనకబడతాడేమోనని భయం. (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: చేర్చకండి. ఆ డబ్బుతో నెలకో కథల పుస్తకం కొనండి, మిగిలింది దాచుకోండి.

ఏడో ఎక్కం ఎవరికైనా కష్టమే బాబూ, నాకిప్పటికీ ఏడు ఎనిమిదుల దగ్గర ఒక్క క్షణం పడుతుంది. పిల్లవాడు అక్కడ ఆగిపోతే మళ్ళీ ఏడు ఒకట్ల నుంచి మొదలుపెట్టనివ్వకండి. "ఏడు ఏళ్ళు ఎంత?" అనండి. 49 అంటాడు. "ఇంకో ఏడు వేస్తే?" అనండి. అలా రెండు వారాలు చేస్తే ఎక్కం ఎలా పుట్టిందో వాడికి తెలుస్తుంది. మర్చిపోయినా మళ్ళీ కట్టుకోగలడు. మూడో తరగతిలో పదో ఎక్కం దాకా ఇలా వస్తే నా లెక్కన నిండుగా వచ్చినట్టే.

వాడిని కిరాణా కొట్టుకి పంపుతున్నారా? నన్నడిగితే మూడో తరగతి ఫౌండేషన్ కోర్సు అది. కిలో పప్పు 120 అయితే పావుకిలోకి ఎంతివ్వాలో, 50 నోటిస్తే ఎంత తిరిగి రావాలో వాడే చూసుకుని రావాలి. భిన్నాలు పుస్తకంలో కొత్తగా కనపడతాయి గానీ పావు, అర, ముప్పావు మన ఇళ్ళలో రోజూ తిరిగే మాటలే. ఇంట్లో ముళ్ళ గడియారం ఒకటి తగిలించండి. ఫోనులో 8:45 చూసే పిల్లవాడికి "పావుతక్కువ తొమ్మిది" అంటే బుర్ర గోక్కుంటున్నాడు.

*

ప్రశ్న: అమ్మా, మనవడు మా దగ్గరే ఉండి ఊళ్ళో ప్రభుత్వ బడిలో మూడో తరగతి చదువుతున్నాడు. నోటితో ఏది అడిగినా చెబుతాడు. రాతకి వచ్చేసరికి నోటు పుస్తకంలో సగం సగం, తప్పుల తడక. ఇంటికొచ్చి హోంవర్క్ ఇవ్వలేదని అబద్ధమాడుతున్నాడు. బద్ధకం అంటున్నారు టీచర్లు. మా కాలంలో అయితే రెండు తగిలిస్తే దారికొచ్చేవాళ్ళం. (ఒక తాత, అద్దంకి దగ్గర)

జవాబు: అన్నయ్య గారూ, తగిలించకండి. ఆ పని నేను ఒకసారి చేసి, ఇప్పటికీ బాధపడుతున్నాను.

సర్వీసులో చేరిన కొత్త. క్లాసులో అందరికంటే పొడుగున్న పిల్లవాడిని వెనక బెంచీలో వేశాను, పొట్టివాళ్ళకి అడ్డమని. వాడి నోటు పుస్తకం అచ్చం మీరు రాసినట్టే ఉండేది. బోర్డు మీద 38 ఉంటే 33 దింపేవాడు, "పడవ" కాస్తా "వడవ" అయ్యేది. కొన్నాళ్ళకి రాయడమే మానేశాడు. స్కేలుతో అరచేతి మీద కొట్టాను. ఒకటి కాదు, చాలా రోజులు. తర్వాత వానాకాలంలో వెనక గోడ కారుతుంటే పిల్లలందరినీ ముందుకి జరిపి నేల మీద కూర్చోబెట్టాను. ఆ రోజు వాడి పుస్తకంలో ఒక్క తప్పు లేదు.

వాళ్ళమ్మతో చెప్పి కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించాం. అద్దాలు పెట్టుకుని బడికొచ్చిన మొదటి రోజు బోర్డు కేసి అలా చూస్తూ నిలబడి, "టీచర్, ఆ మూల రోజూ హాజరు కూడా రాస్తారా?" అన్నాడు. తరగతి, తేదీ, మొత్తం, హాజరు. ఏడాదిగా ప్రతి ఉదయం నేను రాస్తున్నవే. ఆ మూల ఏదో రాసి ఉంటుందనే వాడికి తెలియదు.

మీవాడు అబద్ధమే ఆడుతున్నాడో, బోర్డు మీద రాసిన హోంవర్క్ వాడికి కనపడటమే లేదో ముందు చూద్దాం. గోడకున్న తెలుగు క్యాలెండర్ దగ్గర వాడినీ, వాడి ఈడు పిల్లవాడిని ఇంకొకడినీ నిలబెట్టండి. ఒక కన్ను మూయించి తిథి, నక్షత్రం, వర్జ్యం చదివిస్తూ ఒక్కో అడుగు వెనక్కి నడిపించండి. తర్వాత రెండో కన్ను. పక్కవాడి కంటే మీవాడు ముందే ఆగిపోతే ఆలస్యం చేయకండి. ఆగకపోయినా ఒకసారి డాక్టరుకి చూపించడమే మంచిది, ఇంటి పరీక్ష ఇంటి పరీక్షే. ప్రభుత్వ బడులకి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందం వచ్చి పిల్లల్ని చూస్తుంది. ఈ ఏడాది వచ్చారా, మనవణ్ణి చూశారా అని హెడ్మాస్టరు గారిని అడగండి.

కళ్ళు బాగానే ఉన్నాయని తేలితే అప్పుడు ఇంకో సంగతి ఆలోచించాలి. ఘ, ఫ తారుమారు కావడం, ప, వ కలిసిపోవడం, "అమ్మ"లో ఒత్తు ఎగిరిపోవడం ఒకటో తరగతిలో మామూలు. నెలల తరబడి కూర్చోబెట్టి చెప్పినా మూడో తరగతిలో అవే తప్పులు వస్తుంటే, నోట చెప్పేదానికీ చేత రాసేదానికీ మీరన్నంత దూరం ఉంటే, అది అభ్యసన వైకల్యం (లెర్నింగ్ డిజేబిలిటీ), అంటే చదవడం, రాయడం నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బంది కావచ్చు. తెలివికీ దానికీ సంబంధం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించింది. మామూలుగా ఎనిమిదేళ్ళు వచ్చాకే పరీక్ష చేసి ఖాయంగా చెబుతారు కాబట్టి మీవాడికి ఇదే సరైన సమయం. జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టండి. వెళ్ళేటప్పుడు నోటు పుస్తకాలు తీసుకెళ్ళండి, మీరు అరగంట చెప్పేది అవి రెండు నిమిషాల్లో చెబుతాయి.

ఈలోపు రోజుకి అయిదే వరసలు రాయించండి. రెండు పేజీలు రాయమంటే పేజీ చూసే ఏడుస్తాడు. బడిలో ముందు బెంచీ అడగండి. కొట్టడం అంటారా, విద్యాహక్కు చట్టం బడిలో దాన్ని ఎప్పుడో నిషేధించింది. ఇంట్లో మీ ఇష్టం అనలేను, నా అనుభవం చెప్పాను.

*

ప్రశ్న: మూడో తరగతి చదివే మా అమ్మాయితో ఇద్దరు స్నేహితురాళ్ళు కటీఫ్ చెప్పారట. రెండు రోజులుగా ఏడుపు. వాళ్ళ అమ్మలతో మాట్లాడనా? (విజయనగరం)

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. రెండో తరగతి దాకా పక్కన కూర్చున్న పిల్లే స్నేహితురాలు. ఈ ఏడాది నుంచి ఏరుకుంటారు. జట్లు కడతారు, విడిపోతారు, మళ్ళీ కలుస్తారు. ఏడుస్తుంటే దగ్గరికి తీసుకుని వినండి, తీర్పు చెప్పకండి. క్యారేజీ తినకుండా తిరిగొస్తోందా, బడి టైముకి కడుపునొప్పి అంటోందా, పెన్సిళ్ళు, రబ్బర్లు మాయమవుతున్నాయా, ఇవి మాత్రం గమనించండి. వారం పది రోజులు అలా సాగితే మాట్లాడాల్సింది టీచరుతో, ఆ అమ్మలతో కాదు.

మా బడి గేటు దగ్గర ఒకసారి ఇద్దరు తల్లులు సరిగ్గా ఇలాంటి కటీఫ్ మీదే కొంగులు బిగించారు. నేను విడదీయడానికి పరిగెత్తేసరికి, ఆ పిల్లలిద్దరూ గోడ పక్కన ఒకే జామకాయకి ఉప్పుకారం అద్దుకుని తింటున్నారు. తల్లులకి మాత్రం సంక్రాంతి దాకా మాటల్లేవు.