కుళాయికి ప్లాస్టిక్ పైపులు వేయించొచ్చా?

ప్రశ్న: విశాఖ అల్లిపురంలో మాది 40 ఏళ్ల నాటి ఇల్లు. పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. ఇనుప పైపులన్నీ తీసేసి ప్లాస్టిక్‌వి వేయించమని ప్లంబర్ అంటున్నాడు. ప్లాస్టిక్ పైపుల్లో వచ్చే నీళ్లు తాగితే క్యాన్సర్ వస్తుందని మా చెల్లెలు భయపెడుతోంది. మా అమ్మాయి ఏడో నెలలో పురిటికి వచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: వేయించండమ్మా, ఆలస్యం చేయకండి. ఎర్రగా కనిపించే తుప్పు కంటే నాకు భయం ఆ తుప్పు చేసిన చిల్లులంటేనే. మన ఊరి ఉప్పుగాలికి ఇనుము బయటి నుంచి కూడా తినేస్తుంది. కుళాయి నీళ్లు వచ్చేది రోజులో కాసేపే కదా. సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. చిల్లు ఉన్నచోట చుట్టూ ఉన్న మురుగును పైపే లోపలికి లాక్కుంటుంది. వానాకాలంలో పచ్చకామెర్లతో ఎవరొచ్చినా, మీ కుళాయి పైపు కాలువలోంచి వెళ్తోందా అని ముందు అడుగుతాను. టైఫాయిడ్, నీళ్ల విరేచనాలు, హెపటైటిస్ ఎ, ఇ అనే కామెర్లు వచ్చే దారి ఇదే. వీటిలో హెపటైటిస్ ఇ చివరి నెలల గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. అందుకే మీ అమ్మాయి సంగతి చదవగానే ఈ జవాబు ముందు రాస్తున్నాను.

మీ చెల్లెలి భయం ఉత్తిది కాదు. ఈ పైపులు చేసే పీవీసీ అనే ప్లాస్టిక్‌కు ముడిసరుకైన వినైల్ క్లోరైడ్ క్యాన్సర్ కారకమే. ఫ్యాక్టరీలో ఆ వాయువు పీల్చిన కార్మికులకు అరుదైన కాలేయ క్యాన్సర్ వచ్చినట్టు 1974లో బయటపడింది. అది పైపుగా మారాక మిగిలేది అతి స్వల్పం. తాగునీటిలో లీటరుకు 0.3 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. నేను పట్టించుకోమనేది సీసం గురించి. పీవీసీ వేడికి తట్టుకోవడానికి కొందరు సీసం కలుపుతూ వచ్చారు. పసిపిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు. 2021లో కేంద్రం దీనిపై నిబంధనలు తెచ్చింది. కాబట్టి చవగ్గా దొరికే ఊరూపేరూ లేని పైపు వద్దు. సీసం లేనిదని రాసి ఉండాలి, ఐఎస్ఐ గుర్తుండాలి. మంచినీటికి యూపీవీసీ (చల్లనీళ్లకు వాడే గట్టి పీవీసీ) అయితే ఐఎస్ 4985, సీపీవీసీ (వేడినీళ్లకూ తట్టుకునే రకం) అయితే ఐఎస్ 15778 నంబరు పైపు మీదే అచ్చై ఉంటుంది. గీజర్ లైనుకు సీపీవీసీయే వేయించండి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది. డాబా మీద ఎండ తగిలే పైపులకు పెయింట్ వేయించండి. సొల్యూషన్‌తో అతికించాక, ప్లంబర్ చెప్పినంతసేపు ఆరనిచ్చి, కాసేపు నీళ్లు వదిలేసి ఆ తర్వాతే వాడండి.

మీరు అడగలేదు గానీ, బాత్రూం, మురుగు పైపులనూ చూపించండి. పాత మట్టి పైపుల అతుకులు విచ్చుకుంటే చెట్ల వేళ్లు దూరుతాయి, మురుగు నేలలోకి దిగి బోరు నీళ్లు పాడవుతాయి. మురుగులో పుట్టే వాయువు ఆమ్లంగా మారి సిమెంటు పైపును కూడా కొరికేస్తుంది. అది ప్లాస్టిక్‌ను ఏమీ చేయలేదు. పైగా లోపల నున్నగా ఉంటుంది కాబట్టి మురుగు అంత తేలిగ్గా అడ్డుపడదు. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగాల్సిన అవసరం తగ్గడం నాకు చిన్న విషయం కాదు. ఆ వాయువుకే ఊపిరాడక మనుషులు పోతున్నారు. ఇక మంచినీళ్ల సంగతంటారా, రైవాడ నుంచో ఏలేరు కాలువ నుంచో అంత దూరం తెచ్చి, కరెంటుతో తోడిన నీళ్లు లీకై నేలపాలు కాకుండా ఉంటాయి.

మిగిలిన పైపు ముక్కలు మాత్రం పెరట్లో కాల్చకండి. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగ, డయాక్సిన్లు అనే విషపదార్థాలు వస్తాయి. పాత సామాన్లవాళ్లకు ఇచ్చేయండి.

పని పూర్తయ్యేదాకా అమ్మాయికి తెర్లాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చిన నీళ్లే ఇవ్వండి. సంపు, పైన ట్యాంకు కడిగించండి. ఆకలి పోయి వాంతులైనా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, కళ్లు పచ్చబడినా పసరు మందుల జోలికి వెళ్లకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.