రోల్ నంబర్ 14 టిఫిన్ మూత

అనంతపురం

నాయనా,

నీ కాగితాలు అందాయి. తొమ్మిది పేజీలు, 22 మంది క్లాస్‌మేట్లు, మనిషికో సామెత, దాని కింద ఒక మహానుభావుడి కొటేషన్. చేతిరాత ముత్యాల్లా ఉంది. చదువుతుంటే మాత్రం ఒళ్లు మండి నాలుగో పేజీ దగ్గర పక్కన పడేశాను. మళ్లీ చేతిలోకి తీసుకున్నానంటే అది రోల్ నంబర్ 14 పుణ్యం. ఆ అమ్మాయి సంగతికి తర్వాత వస్తా, ముందు నన్ను కాసేపు తిట్టనీ.

రోల్ నంబర్ 7 గురించి ‘దున్నపోతు మీద వాన కురిసినట్టు’ అని రాసి ఊరుకున్నావు. ఆ పిల్లోణ్ని ఎవరు ఏమన్నారు? ఫీజు కట్టలేదని లేపి నిలబెట్టారా, రికార్డు రాయలేదనా? తిడుతున్నంతసేపు నేల చూశాడా, కిటికీలోంచి బయటికి చూశాడా? నీ పేజీలో దున్నపోతు ఉంది, వాన ఉంది, పిల్లోడు లేడు.

ఇలాంటిది నా మీదా పడింది. తొమ్మిదో తరగతిలో మా లెక్కల అయ్యవారు ఒకాయన, చేసిన తప్పే మళ్లీ చేశానని క్లాసంతా వినేట్టు ‘కుక్కతోక వంకర’ అన్నాడు. సాయంత్రం బడి వదిలేసరికి నా పేరు తోక. మొన్న ధర్మవరంలో పెళ్లికి పోయి, పంక్తిలో కూర్చుని ఓళిగ తుంచుతున్నా. ఎదురు వరసలో ఒక బట్టతలాయన నన్నే చూసి చూసి, “ఏం తోకా, బాగుండావా?” అన్నాడు. నాకిప్పుడు 68 ఏళ్లు. 11 పుస్తకాలు వేశాను. పంక్తి పంక్తంతా నవ్వింది, మా అల్లుడితో సహా. నీ వ్యాసం కాలేజీ మ్యాగజైన్‌లో వేస్తారని సంబరంగా రాశావు కదా, ఆ ఏడో నంబరు పిల్లోడు కూడా దాన్ని చదువుతాడు.

సామెత అంటే సీసాకు అంటించే చీటీ కాదప్పా. ఒకరు నోరు తెరిచి ఇంకొకరితో అనే మాట. అన్నదెవరు, పడిందెవరు, ఆ పూట ఆ ఇంట్లో ఏం జరిగింది, ఇవి తీసేస్తే అందులో మిగిలేది పొట్టు. 1868లో మద్రాసులో కెప్టెన్ కార్ అనే దొర తెలుగు సామెతలు పోగుచేసి ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ అని అచ్చు వేశాడు. ఆయనకే వట్టి సామెత చాల్లేదు. ఇది ఎలాంటివాణ్ని చూసి అనేదో చాలాచోట్ల కింద ఒక ముక్క రాసుకున్నాడు. దొరకు తట్టింది మనకు తట్టకపోతే ఎట్లా?

నాకు మాత్రం వెంటనే తట్టిందా ఏమన్నానా! మా జేజి ఏటా విత్తనాలకని అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలిచేది. పక్కన చేరి ఒక్క గింజ నోట్లో వేసుకున్నామా, నెత్తిన మొట్టికాయ పడేది. విత్తనం తింటే చేను తిన్నట్టే అనేది. ఒక ఏడు ఆషాఢం దాటిపోయినా చినుకు లేదు. మా నాయన వచ్చి, “విత్తేదా, ఇంకో వారం చూసేదా?” అని అడిగాడు. ఆమె చాటలోంచి తల ఎత్తకుండా, “వాన రాకడ, ప్రాణం పోకడ ఎవురికి తెలుసురా” అంది. అని, రెండు గింజలు తీసి తన నోట్లో వేసుకుంది. విత్తనం గింజలు! మా నాయన ఇంకేం మాట్లాడకుండా లేచి పోయాడు.

ఇది కథగా రాసినప్పుడు సామెతను తీసుకుపోయి పేరుగా పెట్టాను. మా జేజి గురించి రెండు పేజీలు వేదాంతం రాశాను. ఆ రెండు గింజలు రాయలేదు. అంత చిన్న సంగతి కథలో ఎందుకనుకున్నా.

ఒక వారపత్రిక వేసుకుంది. వేసుకునే ముందు ఆ సంపాదకుడు చెనిక్కాయల్ని వేరుశనగలు చేశాడు, అరుగును వరండా చేశాడు, మా జేజిని అమ్మమ్మ చేశాడు. మా నాయన తల్లి అచ్చులోకి పోయేసరికి మా అమ్మ తల్లి అయి కూర్చుంది! మా నాయన ఆ పత్రిక చదివి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇదేందయ్యా అని ఉత్తరం రాస్తే, సీమ మాటలు పాఠకులకు అర్థం కావని జవాబు. తర్వాత అదే పెద్దమనిషి, ‘ఈసారి సీమ సామెతలు నాలుగు దట్టించి పంపండి, ఫ్యాషన్ నడుస్తోంది’ అని కార్డు రాశాడు. ఆయన పోయి చాలాకాలమైంది. నా కోపం ఇంకా ఉంది.

నీ కొటేషన్ల సంగతి. కలాం గారి పేరు మీద ఆరు, వివేకానందుడి పేరు మీద నాలుగు. వాళ్లు ఎక్కడ అన్నారో నువ్వు చూశావా, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే పువ్వుల బొమ్మ మీద చూశావా? ‘మెరిసేదంతా బంగారం కాదు’ మన తాతల మాట అన్నావు. షేక్స్‌పియర్ నాటకంలో ఉందది. అందని ద్రాక్ష ఈసపు కథలో నక్కది. మా చిన్నప్పుడు ఊళ్లో ద్రాక్ష ఎవడు చూశాడు? రేగుపళ్లు అందకపోతే పుల్లన అనలేదు, రాయి తీసి కొట్టినాం.

ఒక్క వేమన దగ్గర కొంచెం ఆగాను. 3, 4 నంబర్ల జంటకు ‘ఉప్పు కప్పురంబు’ పద్యం పెట్టి, అందరిలాగే రుచుల దగ్గరికి పరిగెత్తావు. ‘చూడ చూడ’ అన్నాడు కదా ఆయన, రెండుసార్లు. ఛందస్సు కోసం వేశాడంటావేమో, అను. నువ్వు ఆ ఇద్దరినీ ఒక్కసారైనా చూసినట్టు నీ రాతలో లేదు. 1829లోనే బ్రౌన్ దొర ఆ పద్యాలను అచ్చు వేయించాడు. కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఎప్పుడైనా బస్సెక్కి పోయి రా, వ్యాసం కోసం కాదులే, ఊరికే.

ఇక 14. ‘నిండు కుండ తొణకదు’ అని మామూలుగానే మొదలుపెట్టావు. చివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఒక వాక్యం: ‘అన్నం తినేటప్పుడు టిఫిన్ మూత పూర్తిగా తీయదు, ఎడమ చేత్తో సగం మూసి పట్టుకుని తింటుంది.’

దీన్ని మూడుసార్లు చదివాను. తొమ్మిది పేజీల్లో నువ్వు నీ కళ్లతో చూసింది ఇదొక్కటే. డబ్బాలో ఏముంది? రోజూ అంతేనా, కొన్ని రోజులేనా? పక్కన కూర్చునేదెవరు? ఎవరైనా నవ్వితే అలా అలవాటయిందా? ‘కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది’ అంటారు. ఆ సామెత నువ్వు ఆమె మీద వేయొద్దు. ఎప్పుడైనా ఆ పిల్లే అంటే విను. అనకపోతే వదిలేయ్, మూత చాలు.

మిగతా 21 మందిని తీసేసి ఈ ఒక్కటి రాసుకురా. నంబరు కూడా మార్చు, ఆ పిల్లకు తెలియకూడదు.

కలం పేరు పెట్టుకోవాలా, పుస్తకం వేయడానికి ఎంతవుతుంది అని అడిగావు. ఇప్పుడు ఓపిక లేదు.

ఈ ఆదివారం ఊళ్లో ఉండను, పై ఆదివారం పొద్దున రా. ఉగ్గాని, బజ్జీ చేయిస్తా. నీ కాగితాలు అప్పుడే ఇస్తాను. ఐదో పేజీ వెనక మా ఇంటావిడ పాల లెక్క రాసేసింది, ఏమీ అనుకోవద్దు.

ఉంటాను.