చెల్లికి పథ్యం పెట్టేముందు

అమ్మలూ,

గుణుపురంలో చెల్లి బాలింతతనం నువ్వొక్కదానివే చూసుకుంటానన్నావట. మోకాళ్ళ నొప్పులతో తను కదలలేనని మీ అమ్మ ఫోన్లో బాధపడింది. నాకు మాత్రం నీ మీద గర్వం కలిగింది. రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది.

వంట నీకు తెలుసు. పప్పు, ఆకుకూర, గుడ్డు, చోడి (రాగి) అంబలి అన్నీ పెట్టు. దాహమేసినప్పుడల్లా నీళ్ళివ్వు. ఐరన్ మాత్ర 180 రోజులు మానకూడదు. టీతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేస్తే సరిగా ఒంటబట్టదు.

ఇక మీ అమ్మ నీకెప్పుడూ చెప్పని సంగతి. చెప్పెయ్యమని నిన్న తనే అంది.

1993లో నువ్వు పుట్టినప్పుడు పథ్యం పెట్టింది నేనే. పర్లాకిమిడిలో ఎండలు మండిపోతున్నాయి. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, అంతే. పప్పు తింటే నీకు కడుపునొప్పి వస్తుందన్నాను. పొట్ట పెరుగుతుందని నీళ్ళు గ్లాసుతో కొలిచి ఇచ్చాను. పాలు తగ్గితే ఇంకాస్త వెల్లుల్లి పెట్టాను. ఎంత తెలివో చూడు! నాలుగో రోజు నుంచి మీ అమ్మ ఏడుపు. మొదట్లో చాలామందికి అలా ఉండి రెండు వారాల్లో పోతుంది. తనకి పోలేదు. నెల దాటినా గోడవైపు తిరిగి పడుకునేది, నువ్వు గుక్కపట్టి ఏడ్చినా కదిలేది కాదు. బంగారంలాంటి పిల్లని పెట్టుకుని ఈ ఏడుపేమిటే అని తిట్టి, కంచం ముందుకు తోశాను. తాయెత్తు కూడా కట్టించాను.

నీకు మూడో సూది వేసిన నర్సమ్మ, మీ అమ్మ పక్కన కూర్చుని "రాత్రి నిద్ర పడుతోందా తల్లీ?" అంది. మీ అమ్మ బావురుమంది. తోడబుట్టినదాన్ని, మూడు నెలల్లో నేను ఆ మాట అడగలేదు. చిన్న రైల్లో నౌపడా వెళ్ళి, అక్కణ్ణుంచి బరంపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నువ్వు బోర్లాపడ్డ రోజు బొబ్బట్లు చేస్తే అర ముక్క తింది. ఆ అర ముక్క చూసి వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

చెల్లికి నెలసరి ముందు వారం ఎంత దిగులుగా ఉండేదో నీకు తెలుసు కదా. అలాంటివాళ్ళకీ, తల్లికి ఇలా వచ్చినవాళ్ళకీ పురుడయ్యాక దిగులు పట్టే అవకాశం ఎక్కువ. నా టెన్షన్ అందుకే. తిండి ఒంటికి బలమిస్తుంది, ఆ దిగులుకి మాత్రం అదొక్కటే మందు కాదు. రెండు వారాలు దాటినా తేరుకోకపోతే డాక్టరుకి చూపించు. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకి ఫోన్ చేసినా ఏ వేళలోనైనా మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోవాలనుందని గానీ, బిడ్డని ఏమైనా చేస్తానేమోనని గానీ అందా, ఒంటరిగా వదలకు, అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

నీ సంగతి కూడా నాకు తెలుసు. నెలసరి దగ్గరపడితే అప్పడాలు, ఊరగాయ, నాలుగు టీలు, పైగా మధ్యాహ్నం పస్తు. తర్వాత ఒళ్ళు ఉబ్బిందని విసుగు, అందరి మీదా చిరాకు. ఆ వారం ఉప్పూ టీ తగ్గించు. కొంచెం కొంచెంగా వేళకి తిను. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, అంబలి నువ్వూ తాగు. దానికి వండిపెట్టి నువ్వు మాడితే ఊరుకోను.

ఆదివారం గుణుపురం రైల్లో మీ పెదనాన్న చోడిపిండి తెస్తారు. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాను. ముందు చెల్లికివ్వు. పసిబిడ్డ కబుర్లు తర్వాత.

మీ పెద్దమ్మ