వేడి దేశానికి వెళ్తే ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి ఎన్నాళ్లు పడుతుంది?

మామూలుగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రోజూ కాసేపు వేడిలో తిరుగుతుంటే చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు మాత్రం తగ్గుతుంది. రక్తంలో ద్రవం పెరిగి గుండె మీద భారం కూడా తగ్గుతుంది. రోజంతా ఏసీలోనే కూర్చుంటే ఇదేమీ జరగదు.

ఉదాహరణకు, దిగిన రెండో రోజు మధ్యాహ్నం గంటసేపు నడిస్తే గుండె దడదడలాడుతుంది, ఆరిన చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. పదో రోజుకి అదే నడక అంత కష్టమనిపించదు. అందుకే మొదటి నాలుగు రోజులైనా తిరిగే పనులు పొద్దున్నే పెట్టుకోండి.

నీళ్లు తక్కువ తాగితే ఒళ్లు త్వరగా అలవాటు పడుతుందని చాలామంది అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. నీళ్లు లేకపోవడానికి ఒళ్లు ఎప్పటికీ అలవాటు పడదు. పైగా వేడికి అలవాటు పడ్డాక చెమట పెరుగుతుంది కాబట్టి నీళ్లు ఇంకా ఎక్కువే కావాలి.